రిక్లైనర్ కాళ్ల పలక లేస్తుంది కానీ దిగడం లేదంటే: మోటారు మార్చే ముందు చూడవలసినవి

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. కూకట్‌పల్లిలో మీ ఇంట్లో ఒక మోటారు రిక్లైనర్ ఉంది. మోకాలి ఆపరేషన్ అయిన నాన్నగారు రోజులో ఎక్కువ సేపు దానిమీదే ఉంటారు. కుర్చీ పక్కన రెండు బొత్తాలు. తెరిచే బొత్తం నొక్కితే కాళ్ల పలక చక్కగా లేస్తుంది. పూర్తిగా లేచిన తర్వాత మూసే బొత్తం నొక్కితే చాలాసార్లు కదలదు. కుర్చీని కాస్త అటూ ఇటూ కదిపితే ఒక్కోసారి దిగుతుంది. అడాప్టర్ మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. వచ్చిన మెకానిక్ కిందకు వంగి చూసి, మోటారు పోయింది, మొత్తం మెకానిజం (పలకను లేపే ఇనుప పట్టీల చట్రం, మోటారుతో సహా) మార్చాలి అన్నారు. వారంటీ గడువు ముగిసింది. మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చవద్దు. ఆయన మోటారు ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలిచి చూపించారా? మీరు రాసినదాన్ని బట్టి కొలవలేదు. కొలవకుండా మోటారు పోయిందని చెప్పే హక్కు ఎవరికీ లేదు. బాలానగర్‌లో చిన్న డీసీ మోటార్లు, వాటి కంట్రోల్ పెట్టెల పని చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు ఎక్కువగా ఆసుపత్రి మంచాలు, రిక్లైనర్లు చూస్తున్నాను. నా దగ్గరకు ‘మోటారు పోయింది’ అని వచ్చే కుర్చీల్లో మోటారు బాగానే ఉండి, తీగో ప్లగ్గో స్విచ్చో చెడినవే ఎక్కువ. మీ కుర్చీ లక్షణాలు కూడా అటువైపే చూపిస్తున్నాయి.

అన్నిటికంటే ముందు నాన్నగారి సంగతి. పలక దిగకుండా ఉండిపోయినప్పుడు ఆయనను దాని చివరి వరకు జరిగి దిగమనకండి. పైకి లేచిన పలక కొసన మనిషి బరువు పడితే కుర్చీ ముందుకు తిరగబడవచ్చు, లేదా కింది ఇనుప పట్టీలు వంగిపోవచ్చు. పట్టీలు వంగితే అప్పుడు నిజంగానే మెకానిజం మార్చవలసి వస్తుంది. ఒకరు కుర్చీని వెనుక నుంచి గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు ఆయన కాళ్లను పలక మీది నుంచి ఒక పక్కకు దించి, సీటు అంచు నుంచి లేవనెత్తాలి. బాగయ్యే వరకు పలకను పూర్తిగా లేపవద్దని ఆయనకు చెప్పండి. ముప్పావు వంతు లేచాక బొత్తం వదిలేస్తే చాలు, కాళ్లకు ఆ ఎత్తు సరిపోతుంది. పైగా దీనివల్ల మనకో సంగతి తెలుస్తుంది. ముప్పావు వంతు దగ్గర ఆపినప్పుడు ప్రతిసారీ దిగుతూ, పూర్తిగా లేచినప్పుడు మాత్రమే మొరాయిస్తుంటే, వెతకవలసిన చోట్లు రెండు మూడింటికి తగ్గిపోతాయి.

ఇక కుర్చీ లోపలి సంగతి. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే ఊహించగలరు.

గోడ సాకెట్ నుంచి 230 వోల్టుల ఏసీ కరెంటు అడాప్టర్‌లోకి వెళుతుంది. అందులోంచి చాలా కుర్చీలకు 29 వోల్టుల డీసీ వస్తుంది, సుమారు 2 ఆంపియర్ల వరకు. కొన్నిటికి 24 వోల్టులు. అడాప్టర్ మీది చీటీలో అవుట్‌పుట్ అన్న చోట ఉంటుంది, చూడండి. అక్కడి నుంచి రెండు తీగల కేబుల్ స్విచ్చుకు, స్విచ్చు నుంచి మోటారుకు వెళుతుంది. కొన్ని కుర్చీల్లో అడాప్టర్ తీగ ముందు మోటారు పెట్టెలోకే వెళ్లి, అక్కడి నుంచి 5 పిన్నుల గుండ్రటి ప్లగ్గు ద్వారా చేతి రిమోట్‌కు పోయి తిరిగి మోటారుకు వస్తుంది. తీగల దారి వేరైనా పని ఒకటే.

మోటారు లోపల ఒక పొడవాటి మర కడ్డీ ఉంటుంది. మోటారు తిరిగితే కడ్డీ మీది నట్టు ముందుకు జరిగి పలకను తోస్తుంది. ప్లస్, మైనస్ తీగలు తారుమారైతే మోటారు ఎదురు తిరిగి పలక దిగుతుంది. అంటే తెరవడానికీ మూయడానికీ మోటారు ఒకటే, తీగలు అవే రెండు. ఒక వైపు బలంగా తిరిగే మోటారు రెండో వైపు తిరగకపోతే తప్పు మోటారు లోపలి రాగి తీగ చుట్టలో ఉండే అవకాశం చాలా తక్కువ. చుట్ట కాలినా, లోపలి కార్బన్ బ్రష్షులు అరిగినా రెండు వైపులా ఇబ్బంది వస్తుంది. మెకానిక్ మాట నాకు నమ్మశక్యంగా లేకపోవడానికి మొదటి కారణం ఇదే. అదే కారణంగా అడాప్టర్‌ను కూడా దాదాపు పక్కన పెట్టవచ్చు. మనిషి కాళ్ల బరువుతో పలకను పైకి ఎత్తుతున్నదంటే అది సరిపడా కరెంటు ఇస్తున్నట్టే.

అయితే ఒక వైపే చెడే లోపాలు ఏమిటి?

మొదటిది స్విచ్చు. ఇక్కడ చాలామంది, చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్లు కూడా, తికమకపడతారు. బొత్తాలేవీ నొక్కనప్పుడు మోటారు రెండు తీగలూ స్విచ్చు లోపల మైనస్‌కే కలిసి ఉంటాయి. తెరిచే బొత్తం నొక్కితే మొదటి తీగ మైనస్‌ను వదిలి ప్లస్‌కు తగులుతుంది, రెండోది మైనస్ మీదే ఉంటుంది. మూసే బొత్తం నొక్కితే రెండో తీగ ప్లస్‌కు పోతుంది, మొదటిది మైనస్ మీద ఉండాలి. ఆ మొదటి తీగను మైనస్‌కు పట్టి ఉంచేది తెరిచే బొత్తం కింది స్విచ్చే, నొక్కని స్థితిలో. కాబట్టి మూసే బొత్తం పనిచేయకపోతే మూసే బొత్తమే చెడిందని అనుకోనక్కరలేదు. తెరిచే బొత్తం కింద విశ్రాంతిగా తాకి ఉండే కాంటాక్టుకు (కరెంటును కలిపే లోహపు ముక్కకు) మసి పట్టినా పలక దిగదు. కొత్త స్విచ్చు ఒక్కటే కొని మూసే వైపు వేసి, అయినా పలక దిగకపోవడంతో మోటారు మీద నెపం వేసిన సందర్భాలు చూశాను. మార్చితే రెండూ కలిపి మార్చాలి.

రెండోది మోటారు లోపలి లిమిట్ స్విచ్చు. నట్టు కడ్డీ కొసకు చేరగానే ఒక చిన్న స్విచ్చును నొక్కి కరెంటును ఆపేస్తుంది, లేకపోతే మోటారు అక్కడే గింజుకుని కాలిపోతుంది. మరి కరెంటు ఆగిపోయాక తిరిగి వెనక్కి ఎలా వస్తుంది? ఆ స్విచ్చును దాటిపోయే పక్కదారిలో ఒక డయోడు (కరెంటును ఒక వైపే పోనిచ్చే భాగం) ఉంటుంది. ముందుకు పోయే కరెంటును అది అడ్డుకుంటుంది, వెనక్కి తిప్పే కరెంటును పోనిస్తుంది. ఆ డయోడు తెగిపోతే పలక పూర్తిగా లేచిన చోటే ఇరుక్కుపోతుంది, మధ్యలో ఆపితే మాత్రం మామూలుగానే దిగుతుంది. ఇదే కారణంగా మల్టీమీటరుతో (వోల్టులు, ఓమ్‌లు కొలిచే పరికరంతో) మోటారును పరీక్షించేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. పలక పూర్తిగా లేచి ఉండగా మోటారు రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిస్తే ఒక వైపు ఓపెన్ (తీగ తెగి ఉంది) అని చూపించవచ్చు. మీటరు తీగలు తారుమారు చేసి, మీటరు చక్రాన్ని డయోడు గుర్తు ఉన్న స్థానంలో పెట్టి చూడకుండా, చుట్ట తెగిపోయిందని తీర్పు ఇచ్చేస్తారు. బాగున్న మోటారు పాత సామాన్లలోకి పోతుంది.

మూడోది, మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఉన్నది, కేబుల్. కుర్చీ కింద కత్తెరలా తెరుచుకుని ముడుచుకునే ఇనుప పట్టీలుంటాయి. మోటారు కూడా పలకతో పాటు కొంత జరుగుతుంది. దానికి పోయే కేబుల్‌ను వదులుగా వదలకుండా బిగించినా, కట్టిన ప్లాస్టిక్ టై తెగిపోయినా, పలక పూర్తిగా లేచినప్పుడు కేబుల్ సాగుతుంది లేదా పట్టీల మధ్య నలుగుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. లేపేటప్పుడు చివరి క్షణం వరకు తాకుతూనే ఉంటాయి. పూర్తిగా లేవగానే సాగి విడిపోతాయి. ఇక ఏ బొత్తం నొక్కినా కరెంటు చేరదు. కుర్చీని కదిపితే పోగులు మళ్లీ తాకి పలక దిగుతుంది. మీరు రాసిన ‘కాస్త కదిపితే’ అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. డయోడు పోయిన మోటారు ఎంత కదిపినా దిగదు.

అనుమానం అనుమానమే, దాన్ని రుజువు చేయాలి. మల్టీమీటరుతో చేయవచ్చు, కానీ ఈ రకం లోపంలో మీటరు మోసం చేస్తుంది. ఒక్క పోగు మిగిలిన తీగ చివర కూడా, లోడు లేనప్పుడు, అంటే కరెంటు లాగేది ఏదీ తగిలించనప్పుడు, మీటరు నిక్కచ్చిగా 29 వోల్టులు చూపిస్తుంది. మోటారు తగిలించగానే అది కూలిపోతుంది. అందుకే నేను బల్బుతో పరీక్షిస్తాను. ఆటోనగర్‌లోగాని బోయిన్‌పల్లిలోగాని లారీల కరెంటు సామాన్లు అమ్మే దుకాణంలో 24 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు, దానికో హోల్డరు అడగండి. అది ఒక ఆంపియరుకు అటూ ఇటూగా కరెంటు లాగుతుంది. తెగిపోతున్న తీగను బయటపెట్టడానికి ఆ లోడు చాలు. 29 వోల్టుల మీద కాస్త ఎక్కువ వెలుగుతుంది, కొన్ని క్షణాల పరీక్షకు ఏమీ కాదు. వేడెక్కుతుంది కాబట్టి కుర్చీ గుడ్డకు తగలనివ్వకండి. బల్బుకు ప్లస్, మైనస్ తేడా లేదు కనుక రెండు బొత్తాలకూ వెలగాలి.

కుర్చీ కిందకు చేరడానికి ముందు గోడ సాకెట్ నుంచి ప్లగ్గు తీసేయండి. స్విచ్చు ఆపడం చాలదు, ప్లగ్గే తీయాలి. చాలా రిక్లైనర్లకు వీపు భాగం రెండు ఇనుప గాడుల్లో కూర్చుని ఉంటుంది. వెనుక గుడ్డ అంచు ఎత్తితే రెండు వైపులా చిన్న మీటలు కనిపిస్తాయి, వాటిని ఎత్తి వీపును నిటారుగా పైకి లాగితే ఊడి వస్తుంది. పాత దుప్పటి పరిచి కుర్చీని పక్కకు ఒరిగించండి. అడుగున నల్ల గుడ్డ స్టేపుల్ పిన్నులతో కొట్టి ఉంటుంది. ఒక పక్క పిన్నులు మాత్రమే తీసి మడిస్తే సరిపోతుంది, చింపకండి, దుమ్మును ఆపేది అదే.

తీగలను ముట్టుకునే ముందు ఫోనుతో నాలుగైదు ఫొటోలు తీయండి. ఏ ప్లగ్గు ఎక్కడ ఉంది, కేబుల్ ఏ పట్టీ పైనుంచి వెళుతోంది, టై ఎక్కడ వేశారు, ఇవన్నీ తిరిగి అమర్చేటప్పుడు కావాలి. తర్వాత టార్చి పట్టుకుని కేబుల్ మొత్తం వేలితో తడుముతూ పోండి. నలిగిన చోట తొడుగు చదునుగా, మెత్తగా తగులుతుంది. ఎలుకలు కొరికితే వరుస పళ్ల గాట్లు కనిపిస్తాయి. మన నగరంలో అపార్టుమెంటు ఏ అంతస్తులో ఉన్నా ఎలుకల భయం లేదని అనుకోకండి, సోఫాల అడుగు వాటికి ఇష్టమైన చోటు. ప్లగ్గులు ఊడదీసి లోపలి పిన్నులు చూడండి. రోజూ తడిగుడ్డతో తుడిచే ఇళ్లలో, నేలమీద పడి ఉన్న జాయింట్లలోకి నీరు చేరి రాగి మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. పలక పూర్తిగా లేచి, దిగకుండా మొరాయించిన స్థితిలోనే చేయాలి. మోటారు దగ్గరి ప్లగ్గు ఊడదీసి, స్విచ్చు వైపు నుంచి వచ్చే కొసకు బల్బు తగిలించండి. చేతులు, పిల్లలు ఎవరూ పట్టీల దగ్గర లేరని చూసుకుని అడాప్టర్ ప్లగ్గు పెట్టి, మూసే బొత్తం నొక్కి పట్టుకోండి. బల్బు నిండుగా వెలిగి, కేబుల్‌ను ఎంత కదిపినా మినుకుమనకపోతే, కరెంటు మోటారు వరకు చక్కగా వస్తోంది, లోపం లిమిట్ డయోడులో లేదా మోటారు లోపలే ఉంది. అప్పుడు మెకానిక్ మాట నిజమేనని ఒప్పుకోవాలి. అప్పటికీ మార్చవలసింది మోటారు ఒక్కటే, మెకానిజం అక్కరలేదు. బల్బు వెలగకపోయినా, కేబుల్ కదిపినప్పుడు వెలిగి ఆరిపోతున్నా, మోటారుకు ఏ దోషమూ లేదు. అదే బల్బును స్విచ్చు నుంచి బయటకు వచ్చే జాయింటు దగ్గర పెట్టి మళ్లీ చూడండి. అక్కడ వెలిగితే మధ్యలోని కేబులే దోషి. అక్కడా వెలగకపోతే స్విచ్చు.

మీ కుర్చీ 5 పిన్నుల గుండ్రటి ప్లగ్గు రకం అయితే బల్బు పెట్టడం కొంచెం కష్టం. పిన్నుల వరుస కంపెనీకి ఒక రకంగా ఉంటుంది, ఎవరో చెప్పిన బొమ్మను నమ్మి తీగలు కలపకండి. అదే కంపెనీ రిమోట్ ఇంకొకటి తెచ్చి పెట్టి చూడటం తేలిక. మోటారు ప్లగ్గులో రెండు కంటే ఎక్కువ తీగలు ఉంటే, స్థానాన్ని గుర్తుపెట్టుకునే సెన్సరు ఉండవచ్చు. అలాంటి మోటారుకు బయటి నుంచి బ్యాటరీ గాని వేరే కరెంటు గాని నేరుగా ఇవ్వవద్దు.

రెండు తీగల మామూలు మోటారు అయితే, పలక ఇరుక్కుపోయినప్పుడు దించడానికి ఒక ఉపాయం ఉంది. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల బ్యాటరీని మోటారు ప్లగ్గుకు తగిలిస్తే, మనిషి లేని కుర్చీ నెమ్మదిగా కదులుతుంది. కదలకపోతే తీగలు తారుమారు చేయాలి. డయోడు పోయిన మోటారైతే దీనికీ కదలదు. మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి, ఆ బ్యాటరీ తీగలు ఒకదానికొకటి తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతాయి. మోటారును పట్టీలకు కలిపే పిన్ను తీసి పలకను చేత్తో మూయడం ఇంకో పద్ధతి. కానీ దానికి స్ప్రింగుల బలం తోడై ఉంటుంది, పిన్ను తీయగానే పలక విసురుగా కొట్టవచ్చు. మునుపు చేసినవారు పక్కన లేకుండా ఆ పని చేయకండి. వేళ్లు నలిగితే ఎముకలు విరిగేంత బలం ఉన్న పట్టీలవి.

కేబుల్ దోషమని తేలితే బాగుచేయడంలో ఒక జాగ్రత్త ముఖ్యం. తెగిన చోటే మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు. టంకం వేసినా, ఆ అతుకు కదిలే చోట ఉంటే, టంకం గట్టిపడి దాని పక్కనే తీగ మళ్లీ తెగుతుంది. వంగే భాగం మొత్తం ఒకే ముక్క కొత్త తీగగా ఉండాలి, అతుకులు కుర్చీ చట్రానికి ఆనుకుని కదలకుండా ఉండే చోట పడాలి. 0.75 చదరపు మిల్లీమీటర్ల, సన్నటి పోగుల మెత్తటి రెండు తీగల కేబుల్ తీసుకోండి. గోడల్లో వేసే ఒంటి కడ్డీ తీగ వద్దు, అది వంపులకు ఆగదు. రెండు తీగల అతుకులూ ఒకే చోట రాకుండా ఒకటి ముందు, ఒకటి వెనుక పడేలా కోసి, టంకం వేసి, వేడికి బిగిసే స్లీవు తొడగండి. తీగ రంగుల్ని నమ్మకుండా, ఏది దేనికి వెళుతోందో మీటరు బీప్‌తో సరిచూసుకోండి. మోటారు తీగలు తారుమారైతే ప్రమాదం లేదు, బొత్తాలు ఎదురు పనిచేస్తాయంతే. అడాప్టర్ వైపు మాత్రం తారుమారు కాకూడదు. బొత్తాల పెట్టెలో ఫోను చార్జింగు కోసం యూఎస్‌బీ ఉంటే, ప్లస్ మైనస్ మారగానే ఆ బోర్డు కాలిపోతుంది.

కొత్త కేబుల్ వేశాక పలకను పూర్తిగా లేపి, దించి, కింద టార్చి పట్టి చూడండి. అన్ని స్థానాల్లోనూ కేబుల్‌కు ఒక చిన్న వంపు మిగిలి ఉండాలి, ఎక్కడా సాగకూడదు, పట్టీల మధ్యకు వేలాడకూడదు. ఆ తర్వాతే టైలు బిగించండి, అడుగు గుడ్డ మూయండి.

స్విచ్చు అయితే పని ఇంకా తేలిక. బొత్తాల పెట్టె కుర్చీ చెక్కకు రెండు స్క్రూలతో ఉంటుంది. సాధారణ రకాల్లో మోటారు కరెంటు మొత్తం ఆ చిన్న కాంటాక్టుల గుండానే పోతుంది, వదిలిన ప్రతిసారీ లోపల చిన్న నిప్పు రవ్వ పుడుతుంది, కొన్నేళ్లకు మసి పేరుకుంటుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనరు కొట్టి ఇరవై ముప్పైసార్లు నొక్కితే కొంతకాలం నడుస్తుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టకండి, ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది. నిలకడగా ఉండాలంటే స్విచ్చు మార్చడమే మేలు. పాతదాన్ని చేతిలో పట్టుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. అక్కడి దుకాణాల్లో మైక్రో స్విచ్చులు, గుండ్రటి 5 పిన్నుల ప్లగ్గులు, స్లీవులు దొరుకుతాయి. పిన్నుల దూరం, దాని మీది ఆంపియర్ల అంకె సరిపోవాలి. మెత్తటి కేబుల్, టైలు ట్రూప్ బజారులో దొరుకుతాయి.

అడాప్టర్ గురించి కొద్దిగా. మీది బాగానే ఉందని నా అంచనా. కానీ ఇది చదివే ఇంకొకరికి బొత్తం నొక్కగానే దీపం మసకబారడం, టిక్ టిక్‌మని ఆరి వెలగడం కనిపించవచ్చు. టిక్ టిక్‌మంటే ఎక్కడో షార్టు ఉంది లేదా పలక ఎక్కడో ఇరుక్కుని మోటారు ఎక్కువ లాగుతోంది. ఒక్కో ప్లగ్గు ఊడదీస్తూ పోతే, ఏది ఊడదీసినప్పుడు దీపం నిలకడగా వెలుగుతుందో అదే దారి. చార్జింగు బోర్డు షార్టయి కుర్చీ మొత్తం ఆగిపోవడం కూడా జరుగుతుంది. దేనికైనా సరే అడాప్టర్‌ను మాత్రం విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో 320 వోల్టుల పైన డీసీ నిలిచి ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు. అది మార్చేదే కానీ ఇంట్లో బాగుచేసేది కాదు. అదే వోల్టేజీ, అంతే లేదా కొంచెం ఎక్కువ ఆంపియర్లు ఉన్న రిక్లైనర్ అడాప్టర్ కొనండి. లైట్ల పట్టీలకు వాడే 24 వోల్టుల పెద్ద సప్లయి పెడితే కుర్చీ కాస్త నెమ్మదిగా నడుస్తుంది. కానీ దాని ఆంపియర్లు ఎక్కువ కాబట్టి, షార్టయితే కుర్చీ తీగలు కాలేవరకు ఆగదు. ఫ్యూజు లేకుండా అలా వాడకండి.

అమెరికా నుంచి సామానుతో పాటు రిక్లైనర్ తెచ్చుకున్న కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లు సాకెట్‌లో పెట్టే ముందు చీటీలో ఇన్‌పుట్ చూడాలి. 100 నుంచి 240 అని ఉంటే తీగ మాత్రం మార్చుకుంటే చాలు. చాలావాటికి 8 అంకె ఆకారపు సాకెట్ ఉంటుంది, పాత టేప్‌రికార్డర్ల తీగ సరిగ్గా పడుతుంది. వదులు కన్వర్టర్ పిన్నులు పెట్టి వాడకండి, నిప్పు రవ్వలు వస్తాయి. ఇన్‌పుట్ 120 అని మాత్రమే ఉంటే 230 వోల్టులకు ఆ అడాప్టర్ వెంటనే పోతుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కొనడం కంటే ఇక్కడి అడాప్టర్ తీసుకోవడం మేలు, కుర్చీకి కావలసింది ఆ 29 వోల్టులే.

మీ నాన్నగారి కోసం ఇంకో రెండు పనులు చేయించండి. ఒకటి, ఆ సాకెట్‌ను ఇన్వర్టర్ లైనుకు కలిపించండి. కుర్చీ కదిలే కొద్ది క్షణాలు మాత్రమే కరెంటు లాగుతుంది, అదీ దాదాపు ఒక ఫ్యాను అంత. కరెంటు పోయినప్పుడు కాళ్లు పైకి పెట్టుకుని ఆయన ఒంటరిగా ఉండిపోకూడదు. రెండు, ఇంట్లో పిల్లలుంటే బొత్తాలతో ఆడనివ్వకండి. ఇలాంటి మోటార్ల మీద 10 శాతం (అంటే మొత్తం సమయంలో పదో వంతు మాత్రమే నడపాలి) అనో, 2 నిమిషాలు పని, 18 నిమిషాలు విశ్రాంతి అనో రాసి ఉంటుంది. అంతకు మించి నడిపితే వేడెక్కి, రక్షణ స్విచ్చు ఉన్నవాటిలో అది తెగి కుర్చీ చచ్చినట్టు ఉంటుంది. చల్లారాక అరగంటకు దానంతట అదే వస్తుంది. దీన్నీ మోటారు పోవడమని లెక్కగట్టి బిల్లు వేసేవారున్నారు, జాగ్రత్త.

ఇదంతా మీరే చేయలేకపోతే సోఫాలు కుట్టేవారిని పిలవకండి. ఆసుపత్రి మోటారు మంచాలు, ఎలక్ట్రిక్ చక్రాల కుర్చీలు, ట్రెడ్‌మిల్లులు బాగుచేసేవారిని పిలవండి. ఈ మోటార్లు, మంచాల మోటార్లు ఒకే జాతివి. వచ్చినవారిని ముందుగా అడగవలసింది ఒకటే: మోటారును మార్చమనే ముందు, లోడు మీద దాని ప్లగ్గు దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయో నాకు చూపిస్తారా? చూపిస్తానన్నవారికి పని అప్పగించండి.

మీరు బల్బు పరీక్ష చేశాక ఈ నాలుగు సంగతులు రాయండి: ముప్పావు వంతు దగ్గర ఆపినప్పుడు ప్రతిసారీ దిగుతోందా, మోటారు ప్లగ్గు దగ్గర మూసే బొత్తానికి బల్బు వెలిగిందా, స్విచ్చు జాయింటు దగ్గర వెలిగిందా, మోటారు మీది చీటీలో ఏముంది. కేబుల్ దారి ఫొటో కూడా పెట్టండి. ఏ ముక్క మార్చాలో, అతుకు ఎక్కడ పడాలో దాన్ని చూసి చెబుతాను.